రైలు ఆగిన చోట కారెక్కండి

లీడ్స్

చిరంజీవి చిట్టికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన పట్టిక అందింది. అల్లుడు రంగురంగుల గళ్ళు గీసి, గంటలూ నిమిషాలూ వేసి మరీ తయారుచేశాడు. ఓపికను మెచ్చుకోవాలి. కానీ పన్నెండు రోజుల్లో పదహారు ఊళ్ళా? హీత్రూలో దిగిన గంటకే కారు తీసుకుని స్టోన్‌హెంజ్, రాత్రికి బాత్, మర్నాడు ఆక్స్‌ఫర్డ్ మీదుగా స్ట్రాట్‌ఫర్డ్, ఆ తర్వాత లేక్ డిస్ట్రిక్ట్, గ్లాస్గో, స్కై, ఇన్వర్నెస్, ఎడిన్‌బరా, దారిలో ఇంకా ఏవేవో. చివరికి లండన్‌కి మిగిలింది ఒకటిన్నర రోజు. చదువుతుంటేనే నాకు కాళ్ళు లాగాయి. మీ అత్తగారి మోకాళ్ళ సంగతి ఆ గళ్ళల్లో ఎక్కడా కనపడలేదు.

నేను చెప్పేది ఒక్కటే. ఊరికీ ఊరికీ మధ్య రైలెక్కండి. రైలు పోని కొండల్లో మాత్రమే కారు తీసుకోండి. ఊళ్ళు సగానికి కొట్టేసి, రోజులు రెండు పెంచండి. లండన్‌లో నాలుగు రాత్రులు, మా ఇంట్లో రెండు, ఎడిన్‌బరాలో మూడు, పైన హైలాండ్స్‌లో అయిదు. దీనికి మించి ఒక్క ఊరు కలిపినా ఎక్కడో ఒకచోట పిల్లలు ఏడుస్తారు, లేదా మీ ఆయన విసుక్కుంటాడు.

కారు ఎందుకు వద్దంటున్నానో అల్లుడికి విడమర్చి చెప్పు. లండన్ నుంచి ఎడిన్‌బరా రోడ్డు మీద దాదాపు 400 మైళ్ళు. ఎక్కడా ఆగకపోయినా ఏడెనిమిది గంటలు. రైల్లో నాలుగున్నర గంటలు. లండన్ నడిబొడ్డులోకి కారు తీసుకెళ్తే రోజుకింత అని రద్దీ రుసుము కట్టాలి. ఎడిన్‌బరా, గ్లాస్గో లాంటి స్కాట్లాండ్ నగరాల్లో పొగ ఎక్కువ వదిలే పాత బళ్ళకు ప్రవేశం లేని ప్రాంతాలున్నాయి. పార్కింగ్ దొరకదు, దొరికినా గంటకి ఇంత అని పిండుతారు. రాత్రంతా విమానంలో నిద్ర లేకుండా వచ్చినవాడు మొదటి రోజే ఎమ్25 లాంటి రోడ్డెక్కడం మాత్రం నేను డాక్టరుగా కూడా ఒప్పుకోను. పేషెంట్లని చూడటం మానేశాను గానీ, ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది.

ఎప్పుడు రావాలన్నది ముందు తేల్చండి. పిల్లల వేసవి సెలవులు ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా కదా. అది మీకు కలిసొచ్చే విషయం. ఇక్కడ ఇంగ్లండ్ బడులకు సెలవులు జులై చివర్లో మొదలవుతాయి. జులై, ఆగస్టుల్లో గదుల అద్దెలు మండిపోతాయి. ఆగస్టులో ఎడిన్‌బరాలో ఉత్సవాలు, ఊరంతా జనం. మీరు మే నెల మొదటి మూడు వారాల్లో రండి. మే చివరి వారంలో ఇక్కడి పిల్లలకు చిన్న సెలవులుంటాయి, ఆ వారం తప్పించండి. మే నెలలో మొదటి సోమవారం, చివరి సోమవారం బ్యాంకు సెలవులు. అలాంటి వారాంతాల్లో, మామూలు ఆదివారాల్లో కూడా, పట్టాల మరమ్మతులని చెప్పి రైళ్ళు ఆపి బస్సులు వేస్తుంటారు. పెద్ద ప్రయాణాలేవీ ఆదివారం పెట్టుకోవద్దు.

మే నెలకి ఇంకో లాభం ఉంది. స్కాట్లాండ్ పడమటి కొండల్లో ఎండాకాలం ముదిరితే మిడ్జెస్ అని కంటికి ఆనని పురుగులు మబ్బుల్లా లేస్తాయి. గాలి లేని సాయంత్రాల్లో బయట నిలబడనివ్వవు. మే మూడు వారాలయ్యేదాకా వాటి బాధ తక్కువ. వాన కూడా ఆ ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లోనే కాస్త తగ్గుతుంది. తగ్గుతుందన్నాను, ఉండదనలేదు. గొడుగులు తేవద్దు, ఆ గాలికి ఒక్కరోజులో విరిగిపోతాయి. టోపీ ఉన్న వానకోటు ఒక్కొక్కరికి ఒకటి కొను.

వీసా ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. పసిపిల్లలకైనా విడిగా అర్జీ, విడిగా రుసుము. యూరప్ వాళ్ళ షెంగెన్ వీసా ఇక్కడ చెల్లదు. వీసా సంగతి అంతే, మిగతాది అల్లుడు చూసుకుంటాడు.

ఇక లండన్. అందరూ రాసినవే నేనూ ఎందుకు రాయడం? ట్యూబ్ రైలెక్కడానికి టికెట్ అక్కర్లేదు, బ్యాంకు కార్డు గేటుకి తాకిస్తే చాలు, రోజుకింతకు మించి కోత పడదు. కానీ మనిషికొక కార్డు ఉండాలి, ఒకే కార్డు ముగ్గురికీ తాకిస్తే గేటు ఒప్పుకోదు. పదకొండేళ్ళ లోపు పిల్లలు పెద్దవాళ్ళతో ఉంటే ఉచితం, అంటే పాపకి చార్జీ లేదు. బాబుకి పన్నెండు కాబట్టి ఆయిస్టర్ కార్డు కొని, స్టేషన్‌లోని సిబ్బందిని అడిగి యంగ్ విజిటర్ రాయితీ ఎక్కించుకోండి. రెండు వారాల దాకా సగం చార్జీయే పడుతుంది.

రెండు చోట్ల గురించి మాత్రం పట్టుబట్టి చెబుతాను. ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో 33ఎ గది. ప్రవేశం ఉచితం. జనమంతా ఈజిప్టు మమ్మీల దగ్గర తొక్కుకుంటుంటారు. మీరు నేరుగా అద్దాల వెనక ఉన్న ఆ గదికి వెళ్ళండి. అక్కడున్నవి మన అమరావతి స్తూపం పలకలు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి పంపినవి అందులో ఎక్కువ. ఆ పల్నాటి సున్నపురాయికి తేమ పడదని గది గాలిని కూడా అదుపులో ఉంచుతారు. గుంటూరు జిల్లాలో నలభై ఏళ్ళు బతికినా స్తూపం ఎలా ఉండేదో తెలియనివాళ్ళకి, ఆ పలకల మీదే స్తూపం బొమ్మ చెక్కి కనిపిస్తుంది. పిల్లలకు అది చూపించు. ఇవి ఇక్కడెందుకున్నాయి అని బాబు అడుగుతాడు. అడగనీ. నువ్వూ తడుముకోకుండా జవాబు చెప్పు, మెరుగులు దిద్దకు.

రెండోది మీ అత్తగారి కోసం. గోదావరి జిల్లా మనిషి కదా. సర్ ఆర్థర్ కాటన్ సమాధి లండన్‌కి దక్షిణాన డోర్కింగ్ అనే చిన్న ఊళ్ళో ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన మనిషి, 1899లో ఆ ఊళ్ళోనే పోయాడు. వాటర్లూ నుంచో విక్టోరియా నుంచో రైలెక్కితే గంటలోపు ప్రయాణం. నీ పట్టికలో విండ్సర్ కోట పూట ఉందే, అది తీసేసి ఇది పెట్టు. కోటలు స్కాట్లాండ్‌లో కావలసినన్ని చూస్తారు. ఆవిడకి ఈ ప్రయాణం మొత్తంలో తనదంటూ ఒక పూట ఉండాలి.

ఇప్పుడు రైళ్ళ సంగతి. ఇక్కడ కాస్త శ్రద్ధగా చదువు, డబ్బులు మిగిలేది ఇక్కడే.

దూరపు రైళ్ళకి చౌక టికెట్లను అడ్వాన్స్ అంటారు. సాధారణంగా ప్రయాణానికి 12 వారాల ముందు నుంచి అమ్ముతారు. తెరిచిన వారంలోనే కొనాలి, రోజులు గడిచేకొద్దీ పెరుగుతాయి. ఆ టికెట్‌తో ఆ రోజు, ఆ బండి మాత్రమే. బండి మీ తప్పుతో పోతే టికెట్ పోయినట్టే. అందుకని విమానం దిగిన రోజుకి అడ్వాన్స్ టికెట్ ఎప్పుడూ కొనొద్దు. ఏ బండైనా ఎక్కగల టికెట్లు వేరే ఉన్నాయి, వాటి ధర చూస్తే నీకు కళ్ళు తిరుగుతాయి. రైలు కంపెనీ సొంత సైట్లో కొంటే అదనపు రుసుము ఉండదు. మధ్య దళారీ సైట్లు కొన్ని వసూలు చేస్తాయి. బండి బాగా ఆలస్యమైతే కొంత డబ్బు వెనక్కిస్తారు. అడిగినవాళ్ళకే ఇస్తారు కాబట్టి టికెట్ పారెయ్యకండి.

ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ రైల్‌కార్డ్ ఒకటి తీసుకోండి. ఏడాదికి ఒకసారి కట్టే రుసుము. పెద్దవాళ్ళ చార్జీలో మూడోవంతు, 5 నుంచి 15 ఏళ్ళ పిల్లల చార్జీలో 60 శాతం తగ్గుతుంది. నలుగురు పెద్దవాళ్ళు, నలుగురు పిల్లల దాకా ఒకే కార్డు మీద వెళ్ళొచ్చు. షరతేమిటంటే కనీసం ఒక పిల్లో పిల్లాడో దారి పొడుగునా మీతో ఉండాలి. ఒక్క లండన్, ఎడిన్‌బరా ప్రయాణంలోనే కార్డు ఖరీదు రాబట్టుకుంటారు.

మీ అత్తగారికి ప్యాసింజర్ అసిస్ట్ అని ఉచిత సేవ ఉంది. రెండు గంటల ముందు దాకా చెప్పుకోవచ్చు, నేనైతే ముందు రోజే చెబుతాను. చక్రాల కుర్చీ తెస్తారు, బండెక్కిస్తారు, దిగే స్టేషన్‌లో మరో మనిషి వచ్చి దించుతాడు. 'నేనేం రోగిష్టిదాన్నా' అని ఆవిడ అంటుంది. అన్నా వినకు. కింగ్స్ క్రాస్‌లో ప్లాట్‌ఫారం నంబరు చాలాసార్లు బండి కదలడానికి కాసేపటి ముందు గానీ బోర్డు మీద పడదు. పడగానే జనం ఒక్కసారిగా కదులుతారు. ఆ తోపులాటలో ఆవిడని నడిపించడం కన్నా ముందే చక్రాల కుర్చీలో పంపించడం నయం. మన రైళ్ళలాగా బయల్దేరిన బండిని అందుకోవడం ఇక్కడ కుదరదు, టైముకి కాస్త ముందే తలుపులు మూసేస్తారు. కూలీలు ఉండరు.

అదే స్టేషన్‌లో గోడలో సగం దూరిన తోపుడుబండి ఉంటుంది, హ్యారీ పాటర్ ప్లాట్‌ఫారం తొమ్మిదీ ముప్పావు. ఫొటోకి డబ్బు కట్టక్కర్లేదు, కానీ వరస చాంతాడంత ఉంటుంది. మీ బండి రోజున దాని జోలికి పోవద్దు. ముందు రోజు పొద్దున్నే వెళ్ళిరండి.

కింగ్స్ క్రాస్ నుంచి లీడ్స్‌కి నేరుగా రెండుంబావు గంటలు. స్టేషన్‌కి నేనూ మీ పెదనాన్నా వస్తాం. మర్నాడు అందరం యార్క్ వెళ్దాం, రైల్లో అరగంట కూడా పట్టదు. పెద్ద చర్చి, ఊరి చుట్టూ కోటగోడ మీద నడక ఎలాగూ ఉన్నాయి. బాబుకి మాత్రం నేషనల్ రైల్వే మ్యూజియం చూపించాలి, అదీ ఉచితమే. మాలార్డ్ అనే నీలం రంగు ఆవిరి ఇంజను అక్కడుంది. 1938లో గంటకి 126 మైళ్ళు పరుగెత్తింది. ఆవిరి ఇంజన్లలో ఆ రికార్డు ఇప్పటికీ దానిదే. నన్నడిగితే లండన్‌లో టికెట్ పెట్టి చూసే చాలా వాటికన్నా ఇది మేలు.

యార్క్ నుంచి ఎడిన్‌బరా వెళ్ళే బండిలో కుడి వైపు సీట్లు అడగండి. దయచేసి ఈ ఒక్క మాట మరిచిపోకు. డరమ్‌లో గుట్ట మీద పెద్ద చర్చి, న్యూకాజిల్‌లో టైన్ నది మీద వంతెనలు, ఆ తర్వాత సముద్రం, అన్నీ అటువైపే. దూరంగా లిండిస్‌ఫార్న్ దీవి కనిపిస్తుంది. బెరిక్ దగ్గర ట్వీడ్ నది మీద 28 కమానుల రాతి వంతెన దాటుతారు. రాబర్ట్ స్టీఫెన్‌సన్ కట్టించినది, 1850లో విక్టోరియా రాణి ప్రారంభించింది. దాని పేరు రాయల్ బోర్డర్ బ్రిడ్జ్ గానీ స్కాట్లాండ్ సరిహద్దు అక్కడ లేదు. ఇంకో మూడు మైళ్ళు పోయాక, రాళ్ళ కొండ అంచున, పట్టాల పక్కన ఒక బోర్డు ఉంటుంది. బండి వేగంలో రెప్పపాటులో పోతుంది. ఎవరు ముందు చూస్తారో పిల్లలకి పందెం పెట్టు. ఆ దారంతా ఫోన్లు సంచీలో పెట్టించు.

ఎడిన్‌బరాలో వేవర్లీ స్టేషన్ పల్లంలో ఉంటుంది, ఊరంతా దాని నెత్తిమీద. మెట్లు ఎక్కకుండా లిఫ్టులు ఎక్కడున్నాయో అడిగి పైకి రండి. పాత ఊరి వీధులు రాళ్ళు పరిచిన ఏటవాలు, మీ అత్తగారికి మెత్తటి అడుగున్న బూట్లు లేకపోతే అక్కడ ఒక్కరోజు కూడా తిరగలేరు. చీర మీద బూట్లేమిటని సిగ్గుపడొద్దని చెప్పు, ఇక్కడ మేమందరం అలాగే తిరుగుతాం. అల్లుడూ పిల్లలూ ఆర్థర్స్ సీట్ కొండెక్కి రావచ్చు, 251 మీటర్లే, చల్లారిన అగ్నిపర్వతం. ఆ పూట నువ్వూ ఆవిడా నేషనల్ మ్యూజియంలో కూర్చోండి. క్లోనింగ్‌తో పుట్టిన డాలీ గొర్రెని అక్కడే ఉంచారు. కోట మీద ఆదివారం తప్ప రోజూ ఒంటిగంటకి ఫిరంగి పేలుస్తారు. పాప అదిరిపడకుండా ముందే చెప్పు.

గ్లాస్గో నీ పట్టికలోంచి తీసేశాను. మంచి ఊరే. రాయలసీమ మరిచిపోని థామస్ మన్రో పుట్టిన ఊరు. కానీ ఈసారికి వద్దు. అలాగే మీ మావగారి పుస్తకాల పుణ్యమా అని నీకు కైఫీయతుల మెకంజీ తెలుసు కదా, ఆయన పుట్టిన లూయిస్ దీవికి పోదామా అని రాశావు. పడవ దాటి పోవాలి, కనీసం మూడు రోజులు తింటుంది. అదీ వద్దు.

ఎడిన్‌బరా నుంచి ఇన్వర్నెస్‌కి రైల్లో మూడున్నర గంటలు. ఫోర్త్ వంతెన మీదుగా పోయే బండి చూసుకోండి, కొన్ని స్టిర్లింగ్ దారిన పోతాయి. 1890 నాటి ఆ ఎర్రటి ఉక్కు వంతెనని యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. తర్వాత బండి కొండలెక్కి 452 మీటర్ల ఎత్తున డ్రమాక్టర్ కనుమ దాటుతుంది. బ్రిటన్ ప్రధాన రైలు దారుల్లో అదే అన్నిటికన్నా ఎత్తు. ఇన్వర్నెస్‌లో దిగాక, ఇక అల్లుడి చేతికి తాళాలు ఇవ్వండి.

డ్రైవింగ్ ఎడమ పక్కనే, స్టీరింగ్ కుడి పక్కనే, మనలాగే. అమెరికా వెళ్ళినవాళ్ళ తిప్పలు మీకుండవు. మన లైసెన్సుతో 12 నెలల దాకా నడపొచ్చు. అయినా అద్దె కంపెనీలు కొన్ని అంతర్జాతీయ పర్మిట్ కూడా అడుగుతాయి, ఆర్‌టీఏలో తీసుకుని రమ్మను. నడిపేవాడి పేరునే క్రెడిట్ కార్డు ఉండాలి, డెబిట్ కార్డుకి చాలామంది ఒప్పుకోరు. గేర్లు లేని కారు కావాలంటే ముందే రాసుకోవాలి. పాపకి బూస్టర్ సీటు చట్టం, 12 ఏళ్ళు గానీ 135 సెంటీమీటర్ల ఎత్తు గానీ వచ్చేదాకా తప్పదు. ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం కుదరదు.

అల్లుడు హైదరాబాదు ట్రాఫిక్‌లో ఆరితేరినవాడే. ఆ ఆరితేరడమే ఇక్కడ ఇబ్బంది. హారన్ మీద చెయ్యి వెయ్యకూడదు, ప్రమాదం ఉంటే తప్ప. మన దగ్గర ఎదుటివాడు లైట్లు కొడితే 'నేనొస్తున్నా, తప్పుకో' అని. ఇక్కడ చాలాసార్లు 'నువ్వే ముందు పద' అని. ఈ ఒక్కటీ తిరగేసి అర్థం చేసుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది. అయినా లైట్లు కొట్టారని గుడ్డిగా పోవద్దు, దారి తెరిపిగా ఉందని తను చూసుకోవాలి. చౌరస్తా గుండ్రాల దగ్గర కుడి నుంచి వచ్చేవాడికి దారి వదలాలి, ఖాళీ చూసి దూరిపోవడం కాదు. వేగాలన్నీ మైళ్ళలో. ఊళ్ళో 30, కొన్నిచోట్ల 20. ఊరి బయట మామూలు రోడ్డు మీద 60 దాకా అనుమతి ఉన్నా, కొండదారుల్లో 40 కూడా ఎక్కువే.

అసలు నేర్చుకోవాల్సింది ఒంటిదారుల మర్యాద. స్కైలో, పడమటి తీరంలో చాలా రోడ్లు ఒక్క కారు వెడల్పే. కొంత దూరానికొకటి చొప్పున పక్కకి ఉబ్బు ఉంటుంది, ప్యాసింగ్ ప్లేస్ అని బోర్డు పెడతారు. ఎదురుగా బండి కనిపించగానే ఎవరికి ఆ ఉబ్బు దగ్గరో వాళ్ళు ఆగాలి. అది మీ ఎడమ వైపుంటే అందులోకి దిగండి. కుడి వైపుంటే దాని ఎదురుగా మీ దారిలోనే ఆగండి, అవతలివాడు అందులోకి తిరిగి పోతాడు. వెనక ఎవరైనా తొందరలో ఉంటే వాళ్ళనీ పోనివ్వాలి. అక్కడివాళ్ళు ఉద్యోగాలకి, ఆసుపత్రికి పోతుంటారు, మనలాగా గొర్రెపిల్లల్ని చూసుకుంటూ కాదు. దాటిపోయేవాళ్ళు చెయ్యెత్తుతారు, మీరూ ఎత్తండి. ఫొటో కోసం మాత్రం ఆ ఉబ్బుల్లో కారు నిలపకూడదు. సందర్శకుల మీద అక్కడివాళ్ళకి ఉన్న కోపంలో సగం దాని గురించే.

పెట్రోలు మనమే కొట్టుకోవాలి. పెట్రోలు గొట్టం ఆకుపచ్చ, డీజిల్ నల్లది. కారు మూత మీద ఏం రాసుందో చూసి మరీ కొట్టమను. కొండల్లో బంకులు దూరం దూరం, ట్యాంకు సగం ఉండగానే నింపాలి. విస్కీ తయారుచేసే చోటు చూడాలని అల్లుడు రాశాడు. చూడమను. కానీ స్కాట్లాండ్‌లో తాగి నడిపేవాళ్ళకి పెట్టిన హద్దు ఇంగ్లండ్ కన్నా కఠినం, ఒక్క పెగ్గు కూడా లెక్కే. నడిపేవాడికి వాళ్ళ వంతు సీసాలో పోసి ఇచ్చే చోట్లున్నాయి, రాత్రికి గదిలో తాగొచ్చు.

దారి ఇలా పెట్టుకోండి. ఇన్వర్నెస్ నుంచి స్కై దీవిలోని పోర్ట్రీకి దాదాపు 115 మైళ్ళు, మూడు గంటలు. స్కై దారి పట్టకముందే, ఊరికి తూర్పున ఉన్న కలోడెన్ మైదానం చూడండి. 1746 ఏప్రిల్ 16న గంటలోపే ముగిసిన యుద్ధంలో పడిపోయినవాళ్ళని వంశాల వారీగా పూడ్చి రాళ్ళు పాతారు. దారిలో ఐలన్ డోనన్ కోట. స్కైకి 1995 నుంచి వంతెన ఉంది, సుంకం కూడా ఇప్పుడు లేదు. అక్కడ మూడు రాత్రులుండండి. స్కైలో గదులే అన్నిటికన్నా ముందు అయిపోతాయి. అందుకని ముందు స్కైలో గది, తర్వాత విమానం టికెట్. నవ్వకు, నిజంగానే చెబుతున్నాను.

వెనక్కి వంతెన మీంచి రావద్దు. ఆర్మడేల్‌లో కారుతో సహా పడవెక్కి మల్లేగ్‌లో దిగండి, సీటు ముందే రాసుకోండి. అక్కణ్ణించి ఫోర్ట్ విలియం దారిలో గ్లెన్‌ఫినన్ వంతెన వస్తుంది, 21 కమానులు, హ్యారీ పాటర్ సినిమాల్లో రైలు పోయేది దాని మీదే. ఆవిరి ఇంజను బండి జాకబైట్‌కి టికెట్లు ముందే అయిపోతాయి, ధర కూడా ఎక్కువ. కానీ మామూలు స్కాట్‌రైల్ బండి అదే పట్టాల మీద, అదే వంతెన మీద, చాలా తక్కువ చార్జీకి పోతుంది. ఫోర్ట్ విలియంలో రెండు రాత్రులు ఉంటారు కాబట్టి ఒకరోజు కారు వదిలేసి ఆ రైల్లో వెళ్ళిరండి. పోయేటప్పుడు ఎడమ వైపు కూర్చోండి.

పక్కనే గ్లెన్‌కో లోయ. 1692 ఫిబ్రవరిలో మెక్‌డొనాల్డుల ఇళ్ళల్లో దాదాపు రెండు వారాలు తిని పడుకున్న సిపాయిలు, పై నుంచి హుకుం రాగానే ఒక తెల్లవారుజామున ఆ ఇంటివాళ్ళనే చంపారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటాం, వీళ్ళు ఇంకో మెట్టు పైకి పోయారు. ఆ కథ తెలియకపోతే అది అందమైన లోయ మాత్రమే. తెలిసి చూడండి.

ఫోర్ట్ విలియం నుంచి లాక్ నెస్ ఒడ్డునే ఇన్వర్నెస్ చేరి, తీసుకున్న చోటే కారు అప్పజెప్పండి. వేరే ఊళ్ళో వదిలితే అదనంగా గుంజుతారు. లండన్‌కి రోజుకొక పగటి రైలు నేరుగా ఉంది, ఎనిమిది గంటలు. పడకలున్న రాత్రి బండీ ఉంది, శనివారం తప్ప. అది మన స్లీపర్ అనుకునేరు, గది అద్దెలా ఉంటుంది ధర. ఏదెక్కినా, లండన్‌కి పెట్టిన నాలుగు రాత్రుల్లో ఒకటి విమానానికి ముందు చేతిలో ఉంచుకోండి.

తిండి గురించి మీ అత్తగారికి భయం వద్దు. నగరాల్లో మనవాళ్ళ హోటళ్ళకి కొదవ లేదు. కొండల్లోనే చూసుకోవాలి. ఆలుగడ్డ చిప్స్ శాకాహారమే కదా అనుకుంటాం. మా యార్క్‌షైర్‌లో, ఇంకా కొన్నిచోట్ల, పాత పద్ధతి దుకాణాలు ఆవు కొవ్వులో వేయిస్తాయి. అడగకుండా ఆవిడకి పెట్టొద్దు. పిల్లలు తినే జెల్లీ మిఠాయిల్లో కూడా చాలావాటిలో జెలటిన్ ఉంటుంది. పల్లెల్లో వంట ఎనిమిదింటికే ఆపేసే పబ్బులున్నాయి, ఆకాశంలో పదింటి దాకా వెలుగు చూసి మోసపోవద్దు. అందుకే స్కైలో వంటిల్లున్న బస తీసుకోమంటాను. పోపు వేసేముందు కిటికీ తెరవండి, లేకపోతే పొగ గంట మోగి ఊరంతా లేస్తుంది. ఆవకాయ తెచ్చుకోవచ్చు. నెయ్యి, కోవా, పాల మిఠాయిలు తేవద్దు, మన దేశం నుంచి పాల సరుకుల్ని లోపలికి రానివ్వరు. మీ అమ్మతో ప్రత్యేకంగా చెప్పు. అయిదుగురికి అయిదు చిన్న పెట్టెలు చాలు. విమానంవాళ్ళు మోసుకెళ్ళమన్నంత బరువు ఇక్కడి కారు డిక్కీలో పట్టదు, రైలు అరల్లోనూ పట్టదు.

అత్తగారికి ప్రయాణ బీమా తప్పనిసరిగా చెయ్యండి, బీపీ సంగతి దాచకుండా రాసి. ఇక్కడ ఆసుపత్రిలో చేర్చుకుంటే సందర్శకుల దగ్గర ఖర్చు వసూలు చేస్తారు, అది చిన్న మొత్తం కాదు. మందులు చేతి సంచీలో, చీటీతో సహా ఉండాలి. స్కాట్లాండ్ బ్యాంకుల నోట్లు మిగిలితే అక్కడే ఖర్చు పెట్టెయ్యండి, లండన్‌లో కొందరు దుకాణదారులు తిప్పి తిప్పి చూస్తారు. కొన్నవాటి మీద పన్ను విమానాశ్రయంలో వెనక్కి వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకు, 2021 నుంచి అది లేదు.

ఇక నువ్వు చెయ్యాల్సింది చెబుతాను. ఈ ఆదివారం అల్లుణ్ణి, అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఈ ఉత్తరం పైకి చదువు. ఆవిడ వద్దన్నది తీసెయ్యండి, కావాలన్నది చేర్చండి. తేదీలు ఖాయం చేసి వెంటనే రాయి. పెదనాన్న స్కైలో గదులు చూసిపెడతానంటున్నారు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ